పోయిన గదిలోనే తిరిగి ఇచ్చిన పేరు

1989వ సంవత్సరం జూలై పదిహేడవ తేదీ, సోమవారం, ఉదయం పది గంటలకు పది నిమిషాల ముందు మా న్యాయ కళాశాల హాజరు పట్టికలో ఒక కొత్త సంతకం చేరింది. అప్పటికి ఇరవై ఆరేళ్ల వయసు, భుజాన పుస్తకాల బరువు, ముఖాన ఎవరితోనైనా వాదనకు సిద్ధమన్న కళ. వీటితో ఆ ఉదయం న్యాయతత్త్వ శాఖలో ఉపన్యాసకులుగా అడుగుపెట్టిన విదుషీమణి, మూడున్నర దశాబ్దాలకు పైబడిన నిరంతర విద్యాసేవ అనంతరం, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తరతరాల విద్యార్థులు ఆవిడకు పెట్టుకున్న పేరు 'తూకం మేడమ్'. ఆ పేరు ఆవిడ చెవిన పడలేదని విద్యార్థులు ముప్పై ఆరేళ్లుగా నమ్ముతున్నారు. పడిన సంగతిని ఆవిడ ముప్పై ఆరేళ్లుగా దాస్తున్నారు. ఈ ప్రత్యేక సంచికలో ఆవిడను గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం కార్యాలయ సూపరింటెండెంటుగా ఉన్న ఈ వ్యాసకర్తకు దక్కింది. దక్కిందనడం కంటే అడిగి పుచ్చుకున్నాడనడం సబబు. ఎందుకు అడిగాడో చివరలో చెబుతాడు.

ఆ రోజుల్లో న్యాయతత్త్వం అంటే విద్యార్థులకు మధ్యాహ్నపు కునుకు. భోజనాల తర్వాతి మొదటి పీరియడ్ దానికి కేటాయించేవారు. తరగతి గది గ్రంథాలయాన్ని ఆనుకుని ఉన్న పొడవాటి హాలు. రెంటికీ నడుమ ఉన్నది గోడ కాదు, పైకప్పుకు రెండడుగుల కిందనే ఆగిపోయిన చెక్క అడ్డు. ఇటు చెప్పే పాఠం అటు వినిపిస్తుంది, అటు దగ్గే దగ్గు ఇటు వినిపిస్తుంది. అంతకుముందు పనిచేసిన పెద్దలు నోట్సు చదివేవారు, పిల్లలు రాసుకునేవారు, పరీక్ష కాగితం మీద ఆ నోట్సునే అప్పజెప్పి చేతులు దులుపుకునేవారు. మేడమ్ గారు మొదటి వారంలోనే బోర్డు మీద సుద్దముక్కతో ఒక త్రాసు బొమ్మ గీశారు. ఒక పళ్లెం కిందికి వంచి, "ఎవరికి ఎంత తగ్గింది? ఎవరి వల్ల తగ్గింది? తిరిగి ఎలా వెళ్తుంది? ఈ మూడూ చెప్పేసి పడుకోండి, నేనేమీ అనను" అన్నారు. ఆ మధ్యాహ్నం ఎవరూ పడుకోలేదు. తూకం మేడమ్ అన్న పేరు కూడా ఆ పూటే పుట్టింది.

ఆవిడ జీవితకాల పరిశోధనాంశం మధ్యయుగపు విద్యాపీఠాలలో వర్ధిల్లిన న్యాయచింతన, అందులోనూ 'సరిదిద్దే న్యాయం'. వినడానికి కొరుకుడు పడనట్టు ఉంటుంది గానీ, ఆవిడ చెబితే మా బంట్రోతులకూ అర్థమయ్యేది. ఉన్నదాన్ని అర్హతను బట్టి నలుగురికీ పంచడం ఒక న్యాయం. అక్కడ ఎవరి స్థాయి ఏమిటన్నది చూస్తారు. ఒకరి వల్ల మరొకరికి తగ్గినదాన్ని పూడ్చడం ఇంకొక న్యాయం. ఇక్కడ పెద్దా చిన్నా అన్న తేడా లేదు, తగ్గింది ఎంతో తిరిగి వెళ్లాల్సింది అంతే. తగ్గేది వస్తువు మాత్రమే కాదనీ, మనిషి దేహమూ, మనిషి మంచిపేరూ కూడా ఆ లెక్కలోకి వస్తాయనీ ఆ పండితులు వాదించారు. తప్పు చేసినవాడికి శిక్ష పడినంత మాత్రాన నష్టపోయినవాడి చేతికి ఏదీ రాదు గనుక, శిక్ష వేరు, తిరిగి ఇవ్వడం వేరు అని తేల్చారు. ఈ మాటలను మూలంలోనే చదవాలన్న పట్టుదలతో మేడమ్ గారు ఒక నిఘంటువూ ఒక వ్యాకరణమూ ముందేసుకుని, గురువంటూ ఎవరూ లేకుండా, నాలుగేళ్లలో లాటిన్ నేర్చుకున్నారు. ఆ నాలుగేళ్లూ సిబ్బంది గదిలో ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉండేది, ఎందుకంటే కూర్చున్నవారికల్లా ఆవిడ క్రియారూపాలు వినిపించేవారు.

ఆ పండితుల పద్ధతిలోనే ఆవిడ ప్రతి శుక్రవారం 'ఆక్షేపణ తరగతి' నడిపారు. ఒక ప్రశ్న, దాని మీద ఆక్షేపణలు, ఆ తర్వాతే సమాధానం. నియమం ఒక్కటే. ఎదుటివాడి వాదాన్ని ఖండించే ముందు దాన్ని మన నోటితో తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని అతను ఒప్పుకున్నాకే మన మాట మొదలుపెట్టాలి. ఈ ఒక్క నియమంతో ఎన్ని గొడవలు మొదలుకాకుండానే ముగిసిపోయాయో లెక్కలేదు. నేడు న్యాయస్థానాలలో రాణిస్తున్న మన పూర్వ విద్యార్థులు ఎందరో ఆ శుక్రవారాలలో రాటుదేలినవారే.

ఈ విద్య కళాశాల గేటు దగ్గర ఆగి ఉంటే ఆవిడ కుటుంబ సభ్యులు కొంత సుఖపడేవారు. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారైన ఆవిడ భర్తగారు నవ్వుతూ చెప్పే సంగతి ఇది. ఒక ఆదివారం చిన్నమ్మాయి అన్నయ్య జామెట్రీ బాక్సు విరగ్గొట్టింది. మేడమ్ గారు ఇద్దరినీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, "అన్నయ్యకి ఏం తగ్గింది? నువ్వే చెప్పు" అని మొదలుపెట్టారు. అరగంట గడిచింది. కూర చల్లారిపోయింది. అప్పుడు ఆ పిల్ల చెంప ముందుకు చాపి, "అమ్మా, నీకు దండం పెడతా, ఒక్క దెబ్బ వేసేయవే, తొందరగా అయిపోతుంది" అందట. మేడమ్ గారు పడీపడీ నవ్వి, "చూశావా, శిక్షే తేలిక, తిరిగి ఇవ్వడమే కష్టం!" అన్నారట. ఆ పిల్ల వారం రోజులు ఆటలు మానుకుని తన బాక్సు అన్నకిచ్చి, తాను చెక్క స్కేలుతోనే సరిపెట్టుకుంది. ఆ మాట మేడమ్ గారికే తిరిగి వినిపించే రోజు ఒకటి వస్తుందని ఆ ఇంట్లో అప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఇక చెప్పవలసినది గ్రంథపాలకుల సంగతి. కార్డుల మాస్టారు అంటే ఈ ప్రాంగణంలో తెలియనివారు లేరు. కంప్యూటర్లు రాకముందు నలభై వేల గ్రంథాలకు తన ముత్యాల్లాంటి చేతిరాతతో సూచిక కార్డులు రాసిన మనిషి. పాత పుస్తకాల గది తాళంచెవి ఆయన నడుముకే వేలాడేది. మేడమ్ గారి పాఠాలన్నీ ఆయన చెక్క అడ్డుకు అటువైపు కూర్చుని కార్డులు సర్దుకుంటూ విన్నారు. ఏ ఏడు ఏ పాఠంలో ఏ ఉదాహరణ మారిందో కూడా ఆయనకు తెలుసు. "ఫీజు కట్టని విద్యార్థిని నేను" అని ఆయన చెప్పుకునేవారు.

1996లో ఒక చిన్న పని జరిగింది. పాత పుస్తకాల గదిలో రెండు లాటిన్ గ్రంథాలు అట్టలూడి, కుట్లు తెగి ఉన్నాయి. ఒకటి ఒట్టు పెట్టి చేసే ప్రమాణాల గురించి, ఇంకొకటి తిరిగి ఇవ్వడం గురించి. రెండూ ఒకే కొలత కావడంతో, విడివిడిగా ఉంటే పాడవుతాయని, "రెండూ కలిపి కుట్టండి" అని మేడమ్ గారు చీటీ రాసి బైండరు దగ్గరికి పంపించారు. ఆ వారం కార్డుల మాస్టారు సెలవులో ఉన్నారు. ఇంట్లో భార్యకు ఆపరేషన్. బైండరు రెండింటినీ ఒకే అట్టలో కుట్టి, వీపు మీద చోటు చాలక మొదటి గ్రంథం పేరొక్కటే అచ్చువేశాడు. సంపుటం వచ్చి అరలో కూర్చుంది. సెలవు నుంచి వచ్చిన మాస్టారికి కలిపి కుట్టించిన సంగతి చెప్పాలని ఎవరికీ తోచలేదు. మేడమ్ గారు అప్పుడే పరిశోధన వ్యాసం సమర్పించే హడావుడిలో ఉండి, చీటీ రాసిన సంగతే మరిచిపోయారు. ఆ గ్రంథంలో కావలసినదంతా అప్పటికే రాసుకుని ఉండటంతో, మళ్లీ దాన్ని తీయాల్సిన అవసరమూ ఆవిడకు రాలేదు.

ఏడేళ్ల తర్వాత, 2003లో, ఒక తనిఖీ సంఘం వచ్చింది. మా కళాశాలకు గర్వకారణమని నివేదికలో మేమే రాసుకున్న గ్రంథాన్ని చూపించమంది. తిరిగి ఇవ్వడం గురించిన ఆ గ్రంథమే కనబడలేదు! మూడు రోజులు వెతికారు. నాలుగో రోజు రెండో అంతస్తులోని సమావేశ మందిరంలో, పొడవాటి బల్ల చుట్టూ ఇరవై ముగ్గురు కూర్చుని ఉండగా, బల్ల చివర కార్డుల మాస్టారు నిలబడి ఉండగా, ప్రిన్సిపాల్ గారు మేడమ్ గారిని అడిగారు. "ఆ పుస్తకం మీకు తప్ప ఎవరికీ పనికొచ్చేది కాదు. మీరేమంటారు?"

మూడు రోజుల అలసట, తనిఖీవారి ముందు చిన్నబోయిన అభిమానం, రెండూ కలిసి ఆవిడ చేత ఒక మాట అనిపించాయి. "ఆ గది తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఇంక నేను చెప్పేదేముంది?"

ఆ మాటలో అబద్ధం లేదు. నేరారోపణా లేదు. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. సాయంత్రానికల్లా ప్రాంగణమంతా పాకింది. ఆయన తాళంచెవి తీసుకున్నారు. కింది అంతస్తులో పాత వార్తాపత్రికలు కట్టలు కట్టే గదికి మార్చారు. ఎవరూ ఆయన్ను దొంగ అని పిలవలేదు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని మాత్రం అనుకున్నారు. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. కానీ ఆ మర్నాటి నుంచి సంచి తీసుకురావడం మానేశారు. ఒక చేతిలో మధ్యాహ్న భోజనం డబ్బా, చంకలో గొడుగు, అంతే. సాయంత్రం వెళ్లేటప్పుడు, ఎవరూ అడగకపోయినా, ఆ ఖాళీ డబ్బా నలుగురికీ కనబడేలా పట్టుకుని గేటు దాటేవారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఒకరిద్దరు దానికీ వంకలు పెట్టారు. ఆరేళ్లు అలా గడిచాయి.

2009 ఫిబ్రవరిలో ఒక ఆక్షేపణ తరగతికి సిద్ధమవుతూ, ప్రమాణం తప్పినవాడి బాధ్యత గురించి ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు సమాధానం వెతుకుతూ, మేడమ్ గారు ప్రమాణాల సంపుటం తీశారు. ఆ విషయం వేరొకరు బోధించేది కావడంతో పదమూడేళ్లుగా ఆవిడ దాని జోలికి పోలేదు. చివరి పుట తిప్పారు. ఆ తర్వాత పుస్తకం అయిపోవాలి. అయిపోలేదు. తిరిగి ఇవ్వడం గురించిన గ్రంథం, పోయిందనుకున్న గ్రంథం, మొదటి పుటతో మొదలైంది. పాత బైండర్లకు ఒక అలవాటు ఉంటుంది. రేపు మాట రాకుండా, ఎవరు ఏం చెప్పారో ఆ చీటీని వెనక అట్ట లోపలి వైపు అంటించేస్తారు. ఆ చీటీ అక్కడే ఉంది, ఆవిడ చేతిరాతతోనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఈ సామెత చెప్పుకుని నవ్వుకోవడానికి ఆవిడకు ఆ రోజు నవ్వు రాలేదు. అరగంట సేపు ఆ అరల మధ్య నేల మీద కూర్చుండిపోయారని అక్కడి సహాయకురాలు చెప్పింది.

సరిగ్గా ఆ నెలలోనే ప్రిన్సిపాల్ పదవికి ఆవిడ పేరు పరిశీలనలో ఉంది. పదవి దిగబోతున్న ప్రిన్సిపాల్ గారు మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. "పుస్తకం దొరికిందని నోటీసు పెట్టేద్దాం. ఆయన్ను పాత చోటికి మార్చేద్దాం. ఎలా దొరికింది, ఎక్కడ దొరికింది అని ఎవరడుగుతారమ్మా? ఇప్పుడు మీ పేరు పాడు చేసుకోవడం దేనికి?"

మేడమ్ గారు ఆ సలహా వినలేదు. అయితే మొదట ఎన్నుకున్న దారి కూడా సరైనది కాదు. పొరపాటు చేస్తే పెద్దదే చేసే స్వభావం ఆవిడది. మర్నాడు రాజీనామా పత్రం రాసుకుని, కింది అంతస్తులోని వార్తాపత్రికల గదికి వెళ్లి, అట్ట మీది చీటీ చూపించి, ఆ పత్రం కార్డుల మాస్టారి చేతిలో పెట్టారు. "నేను చేసినదానికి ఇక్కడ ఉండే అర్హత నాకు లేదు మాస్టారూ. ఇవాళే ఇచ్చేస్తున్నాను," అన్నారు.

ఆయన పత్రం చదివారు. చీటీ రెండుసార్లు చదివారు. తర్వాత పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి ఆవిడకే తిరిగి ఇచ్చారు.

"మేడమ్, పద్నాలుగేళ్లు మీ పాఠం విన్నాను. శిక్ష వేరు, తిరిగి ఇవ్వడం వేరు అని మీరే కదా చెప్పింది? మీరు ఉద్యోగం మానేస్తే మీకు పోతుంది. నాకేం వస్తుంది?"

ఆక్షేపణ తరగతిలో ఓడిపోవడం ఆవిడకు అదే మొదటిసారి.

"నాకేం కావాలో అడగండి," అన్నారు ఆయన.

"చెప్పండి మాస్టారూ."

"నా పేరు ఈ గదిలో పోలేదు. పైన పోయింది. ఆ బల్ల దగ్గర, అంతమంది ముందు. అక్కడే ఇవ్వండి." ఆయన పుస్తకాన్ని జాగ్రత్తగా మూశారు. "మా ఆవిడ ఈ ఆరేళ్లలో ఒక్క కళాశాల వార్షికోత్సవానికీ రాలేదు మేడమ్. ఆవిడ్ని కూడా పిలవండి."

ఆ తర్వాత జరిగినదంతా పట్టుదలకు పరాకాష్ఠ. ఆ రోజు బల్ల చుట్టూ ఉన్న ఇరవై ముగ్గురి పేర్లు మేడమ్ గారు మినిట్స్ పుస్తకం నుంచి రాసుకున్నారు. పద్నాలుగు మంది ఇంకా కళాశాలలోనే ఉన్నారు. ఆరుగురు బదిలీ మీదో, పదవీ విరమణతోనో వెళ్లిపోయారు. వారికి ఒక్కొక్కరికీ స్వహస్తాలతో ఉత్తరాలు రాసి రప్పించారు. ముగ్గురు కాలం చేశారు. ఆ ముగ్గురి ఇళ్లకూ ఆవిడ స్వయంగా వెళ్లారు. ఒక ఇంట్లో తలుపు తీసిన కొడుకుతో, గుమ్మంలోనే నిలబడి అన్న మాట ఇది. "మీ నాన్నగారు ఒక మంచి మనిషి గురించి తప్పుగా అనుకుంటూ వెళ్లిపోయారు. ఆ తప్పు ఆయనది కాదు బాబూ, నాది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట విని ఉంటే, కాదని చెప్పండి." ఆ కుర్రవాడు లోపలికి పిలిచి మంచినీళ్లు ఇచ్చాడట.

మార్చి నెల మొదటి శనివారం, అదే మందిరం, అదే బల్ల. కార్డుల మాస్టారు నిలబడిన చోట ఈసారి కుర్చీ వేశారు. పక్కన ఆయన భార్య. మేడమ్ గారు తాను ఆనాడు కూర్చున్న కుర్చీ దగ్గరే నిలబడ్డారు. చేతిలో కాగితం లేదు.

"ఆరేళ్ల క్రితం ఇక్కడే, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది అన్నాను. ఆ మాటతో ఈయన పేరు పోయింది. పుస్తకం ఎక్కడికీ పోలేదు. కలిపి కుట్టమని చీటీ రాసింది నేను. మర్చిపోయింది నేను. తెలియదని చెప్పాల్సిన చోట, తెలిసినట్టు మాట్లాడింది నేను. ఈయన ఏ తప్పూ చేయలేదు. ఆ రోజు నా మాట విన్నవాళ్లందరూ ఈ మాట కూడా వినాలనే పిలిచాను. రేపు ఎవరైనా పాత మాట ఎత్తితే, కాదు, మేము విన్నాం అని చెప్పండి." ఆయన వైపు తిరిగారు. "ఆరేళ్లు మాత్రం నేను ఇవ్వలేను మాస్టారూ. అవి నా దగ్గర లేవు."

తర్వాత ఆ దొరికిన గ్రంథం తెరిచి, తిరిగి ఇవ్వవలసినవారు ఎవరెవరో ఆ పండితులు చెప్పిన చోటు అనువదించి చదివారు. చేసినవాడు, చేయించినవాడు, సలహా ఇచ్చినవాడు, మెచ్చుకున్నవాడు, అడ్డుకోవలసి ఉండీ నోరు మెదపనివాడు. తిలాపాపం తలా పిడికెడు అని మనం ఒక్క ముక్కలో అనేదాన్ని వారు వివరంగా రాశారు. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. అయినా బల్ల చుట్టూ చాలా తలలు వంగాయి.

చివరగా పాత పుస్తకాల గది తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, కళ్లు తుడుచుకుని, తన మామూలు గొంతుతో అడిగారు. "సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

హాలంతా గొల్లున నవ్వింది! ఒక్క సూది ఇవ్వాలన్నా సంతకం లేనిదే ఇవ్వని మనిషి మళ్లీ తన కుర్చీలోకి వచ్చాడని అందరికీ ఆ ప్రశ్నతోనే తెలిసింది. నవ్వులు చప్పట్లయ్యాయి, చప్పట్లు ఆగలేదు. ఆయన భార్య లేచి వచ్చి మేడమ్ గారి రెండు చేతులూ పట్టుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు.

సోమవారం ఉదయం కార్డుల మాస్టారు భుజాన కొత్త ఖాకీ గుడ్డ సంచి వేసుకుని గేటులోకి వచ్చారు. ప్రాంగణమంతా చూసింది. సాయంత్రం నిండుగా ఉన్న ఆ సంచిని ఊపుకుంటూ నెమ్మదిగా నడిచి వెళ్లారు. ఆ సంచిలో ఏముందో ఈనాటికీ ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఆ ఏడు ప్రిన్సిపాల్ పదవి వేరొకరికి వెళ్లింది. మేడమ్ గారు అందుకు ఒక్క పూట కూడా విచారించలేదు. 2011లో మళ్లీ అవకాశం వచ్చినప్పుడు ఒక్క వ్యతిరేకత లేకుండా అధ్యాపకులంతా ఆవిడనే కోరుకున్నారు. ఆవిడ హయాంలో కొత్త భవనం లేచింది, సాయంకళాశాల మొదలైంది, పరిశోధక విద్యార్థినుల సంఖ్య మూడింతలైంది. ఇవన్నీ శిలాఫలకాల మీద ఉన్నాయి. శిలాఫలకం మీద లేని మేలు ఒకటుంది. ప్రతి జనవరిలో జరిగే తొలి సమావేశంలో మొదటి అంశం 'దిద్దుబాటు'. గడచిన ఏడాది ఈ గదిలో ఎవరి గురించైనా తొందరపడి మాట అన్నవారు, ఈ గదిలోనే లేచి దాన్ని తిరిగి తీసుకోవాలి. మొదటి ఏడు ఎవరూ లేవలేదు. రెండో ఏడు ఇద్దరు లేచారు. ఇప్పుడు ఆ అంశానికి గంట సరిపోవడం లేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని సామెత. తీసుకోవచ్చునని, ఎలా తీసుకోవాలో కూడా చూపించి, ఆవిడ ఆ సామెతను మా ప్రాంగణంలో చెల్లకుండా చేశారు.

ఇక ఈ వ్యాసాన్ని అడిగి పుచ్చుకున్న కారణం. 1996లో ఆ రెండు గ్రంథాలనూ పాత కాగితంలో చుట్టి, చీటీతో సహా బైండరు దుకాణానికి మోసుకెళ్లిన జూనియర్ గుమస్తా ఈ వ్యాసకర్తే. 2003లో ఆ బల్ల మూలన కూర్చుని మినిట్స్ రాసిందీ అతనే. మేడమ్ గారు ఆ మాట అన్నప్పుడు, 'ఒకసారి బైండింగుకు పంపిన పుస్తకాల జాబితా చూద్దామా' అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడు. మాట మింగి, కలం కదిపాడు. 2009లో ఆవిడ తిరిగి ఇవ్వవలసినవారి జాబితా చదివినప్పుడు లేచి నిలబడాలనుకున్నాడు. ఇంతలో నవ్వులు, చప్పట్లు వచ్చాయి, తేలుకుట్టిన దొంగలా వాటి వెనక దాక్కున్నాడు. ఆ దాక్కోవడం పదహారేళ్లు సాగింది.

పోయిన నెల అతను కార్డుల మాస్టారి ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పుకున్నాడు. ఆయన ఓపిగ్గా విని, "నాది నాకు ఎప్పుడో తిరిగొచ్చేసింది," అన్నారు. "ఆ రోజు తప్పంతా మేడమ్ ఒక్కరే నెత్తిన వేసుకున్నారు. అందులో నీ వాటా కూడా ఆవిడే మోశారు కదా. నువ్వు ఇవ్వాల్సింది ఆవిడకి. అదీ నాలుగు గోడల మధ్య కాదు, అందరూ వినేలా."

అందుకే, ఈ వ్యాసకర్త అన్న ముసుగు రెండు వాక్యాలకు తీసేస్తున్నాను. మేడమ్, ఆ తప్పులో ఒక పిడికెడు నాది. పదహారేళ్లు మీరు మోసినదాన్ని, మీ కుటుంబ సభ్యుల ముందు, మన సిబ్బంది అందరి ముందు, ఈ పుట మీద, తిరిగి తీసుకుంటున్నాను.

నెలాఖరు సాయంత్రం మేడమ్ గారి గది ఖాళీ చేయడానికి కార్డుల మాస్టారు తానే వస్తానని కబురు పంపారు, ఆ ఖాకీ సంచితో. ఆ లాటిన్ నిఘంటువు, ఆ వ్యాకరణం, ముప్పై ఆరేళ్ల కాగితాలు ఆయన భుజానే ఇల్లు చేరతాయట. గేటు దగ్గర సంచి విప్పి చూపిస్తానని ఆయన హాస్యమాడుతున్నారు. చూపిస్తే ఊరుకోనని మేడమ్ గారు అంటున్నారు. మేడమ్, మీవారైన లెక్కల మాస్టారి లెక్క ఎన్నడూ తప్పదు కాబట్టి, మీ ఇద్దరికీ ఇంకా నలభై ఏళ్ల ఆదివారాలు మిగిలే ఉన్నాయని ఆయన వేసిన అంచనాను మేమందరం ఏకగ్రీవంగా ఆమోదిస్తున్నాము. ఆ ఆదివారాలన్నింటా ఆ లాటిన్ పుస్తకాల సన్నటి అక్షరాలను అద్దాలు లేకుండా చదివే చూపు, రెండో అంతస్తు మెట్లు ఆయాసం లేకుండా ఎక్కే మోకాళ్లు, మనవలతో ఆక్షేపణ తరగతి నడిపేంత గొంతు మీకు ఉండాలి. ప్రతి జనవరిలో మొదటి అంశం మొదలయ్యే వేళకు, ఆ పొడవాటి బల్ల దగ్గర మీ కుర్చీ మీ కోసం వేసి ఉంచుతాము. నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా వచ్చి అందులో కూర్చోండి.